కోటలను పంచుకున్న లోయ

ఇటలీలో తుస్కనీ, లిగూరియా, ఎమీలియా సీమలు కలిసే మూలన మాగ్రా నది లోయ ఒకటి ఉంది. పేరు లునిజానా. ఫ్లోరెన్సుకూ పీసాకూ పరుగులు తీసే యాత్రికులు ఇటు అరుదుగా వస్తారు. వచ్చినవారికి మొదట కనిపించేవి కోటలే. ఒక కొండమీది బురుజు కనుమరుగయ్యేలోపే ఎదుటి కొండమీద మరొకటి.

ఇంత చిన్న లోయకు ఇన్ని కోటలెందుకు? సమాధానం దాయభాగంలో ఉంది. ఇక్కడి ప్రభువులైన మలస్పీనా వంశీయులు పాత లొంబార్డు ధర్మాన్ని పాటించారు. జ్యేష్ఠునికే సర్వస్వమూ అనక, ఆస్తిని కుమారులందరికీ పంచారు. మన పల్లెల్లో అన్నదమ్ములు పొలానికి గట్లు వేసుకున్నట్లు వారు లోయలో కోటలు కట్టుకున్నారు. మలస్పీనా అంటే చెడ్డముల్లు. 1221లో వంశం చీలినప్పుడు ఒక శాఖ ఎండుముల్లునూ, మరొకటి పూచిన ముల్లునూ చిహ్నాలుగా స్వీకరించాయి.

1306లో వీరి ఆశ్రయంలో ఒక ప్రవాసి ఉన్నాడు: ఫ్లోరెన్సు వెలివేసిన డాంటే. ఆ ఏడు అక్టోబరు 6న లూనీ బిషప్పుతో మలస్పీనాల పక్షాన సంధి కుదిర్చినవాడు ఆయనే. తరువాత 'పుర్గతోరియో' ఎనిమిదవ సర్గలో ఆ వంశపు ఔదార్యాన్ని కీర్తించి ఋణం తీర్చుకున్నాడు.

ప్రభువుల విందుల మాట ఎలా ఉన్నా, పల్లెవాని కడుపు నింపింది చెస్ట్‌నట్ చెట్టు. దానిని వారు రొట్టెచెట్టు అన్నారు. శరత్కాలంలో ఏరిన కాయలను రాతిగుడిసె అటకమీద పరచి, కింద వారాల తరబడి సన్నని సెగ పెట్టి ఎండబెట్టి, పిండి పట్టించేవారు. కాసోలా గ్రామపు 'మరోక్కా' రొట్టె నేటికీ ఆ పిండితోనే చేస్తారు.

తెలుగువారు చూడగానే పోల్చుకునే వంటకం 'తెస్తరోలి'. గోధుమపిండి జారుగా కలిపి, కాలిన ఇనుప పెనంమీద పోసి, మూత పెడతారు. కాలిన అట్టును పలకలుగా కోసి, వేడినీళ్లలో కాసేపు ఉంచి తీసి, తులసిజాతి ఆకు నూరిన పచ్చడితోనో, ఆలివు నూనె, జున్నులతోనో వడ్డిస్తారు. అట్టును నీళ్లలో ముంచడమా అని మనవారు ముక్కున వేలు వేసుకోవచ్చు. ఒక ముక్క తిన్నాక ఆ వేలు నోటికే చేరుతుంది.

అయినా రొట్టెచెట్టు అందరినీ పోషించలేకపోయింది. మాంతెరెజ్జో గ్రామస్థులు పుస్తకాల బుట్టలు భుజాన వేసుకుని కొండలు దాటి ఊరూరా అమ్మారు. వారి వారసులైన పుస్తక విక్రేతలు నెలకొల్పిన 'బంకరెల్లా' బహుమతి 1953లో తొలిసారిగా హెమింగ్వే 'ముసలివాడు - సముద్రం' నవలకు దక్కింది. ఆయనకు నోబెల్ వచ్చింది ఆ మరుసటి ఏడు! పండితులకన్నా బుట్టలవాళ్లే ముందు పసిగట్టారన్నమాట.

1920 సెప్టెంబరు 7 నాటి భూకంపం, 1944లో జర్మను సేనలు జరిపిన ఊచకోతలు, ఆపై పట్నాలకు వలసలు ఈ పల్లెలను ఖాళీ చేశాయి. దున్నేవారు లేని మెట్టచేలను అడవి ఆక్రమించింది. ఏరేవారు లేక కాయలు చెట్ల కిందనే రాలిపోతున్నాయి. మాంతెరెజ్జో వీధులకు మాత్రం ప్రచురణకర్తల పేర్లున్నాయి. వేసవిలో పుస్తకాల పండుగకు తాళాలు తీసిన రాతి ఇళ్లముందు మళ్లీ పుస్తకాల బల్లలు వెలుస్తాయి.