గండికోట మసీదు ముంగిట

మదనపల్లె, పుంగనూరు, కుప్పం కుటుంబాలు సెలవుల్లో గండికోటకు వెళితే, పెన్నా లోయతోపాటు జామియా మసీదునూ తప్పక చూడాలి. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను జయించాడు. మసీదు చెంత ధాన్యాగారం, కోటలోనే మాధవరాయ ఆలయం ఉన్నాయి.

పుణ్యాపేక్షతో ప్రత్యేకంగా ప్రయాణించదగినవి మస్జిదె హరామ్, మస్జిదె నబవీ, మస్జిదె అఖ్సా మాత్రమేనని దైవప్రవక్త (సఅసం) బోధించారు. కనుక గండికోటకు వెళ్లేది చరిత్ర తెలుసుకోవడానికే. అయినా అది అల్లాహ్ గృహం, మర్యాద తగ్గరాదు. చెప్పులు విడుద్దాం. ఫోటోలకు ముందు పిల్లలకు మిహ్రాబ్ చూపి, ఖిబ్లా గురించి చెబుదాం. గోడలపై పేర్లు గీయనివ్వరాదు.

ఇల్లు చేరిన మర్నాడు ఫజ్ర్‌కు పిల్లలను వెంటబెట్టుకుని వీధి మసీదుకు వెళదాం. గండికోట మసీదును పురావస్తు శాఖ సంరక్షిస్తోంది. మన మసీదు సఫ్‌లు నింపవలసింది మన ఇంటివారే.