నీటి బలమే నీటికి అడ్డు

1856లో ఇంగ్లండ్‌లోని వేమత్ దగ్గర విలియం థాంప్సన్ అనే ఆయన, ముందువైపు గాజు బిగించిన చెక్కపెట్టెలో కెమెరా పెట్టి పడవలోంచి సముద్రంలోకి దించాడు. లోతు సుమారు 18 అడుగులు. పది నిమిషాలు ఉంచి పైకి లాగితే కెమెరాలోకి ఉప్పునీళ్లు చేరి ఉన్నాయి. అయినా ప్లేటు మీద మసకమసకగా ఓ బొమ్మ పడింది. నీటి అడుగున తీసిన తొలి ఫొటోగా దాన్నే చెప్పుకుంటారు. ఫొటోతోపాటే లీకూ పుట్టిందన్నమాట.

నీళ్లలో పది మీటర్లు దిగిన ప్రతిసారీ చదరపు సెంటీమీటరుకి దాదాపు ఒక కిలో చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. 40 మీటర్ల లోతులో, పది సెంటీమీటర్ల పొడవూ అంతే వెడల్పూ ఉన్న గాజుపలక మీద 400 కిలోలు మోపినట్టే. పాతిక కిలోల బియ్యం బస్తాలు పదహారు! ఏ చిన్న సందు దొరికినా నీళ్లు ఊరుకుంటాయా?

1893లో ఫ్రాన్సులోని బన్యుల్స్ తీరంలో లూయీ బూటాన్ దీనికో ఉపాయం పన్నాడు. కెమెరా పెట్టెకి గాలి నింపిన రబ్బరు బుడగ తగిలించాడు. దిగేకొద్దీ నీరు బుడగను నొక్కుతుంది, అందులోని గాలి పెట్టెలోకి పోతుంది. లోపలా బయటా ఒత్తిడి సమానమైతే నీటికి తోసుకొచ్చే అవసరమే ఉండదు.

అసలు జవాబు మాత్రం సముద్రంతో సంబంధం లేని మనిషి దగ్గర దొరికింది. నీల్స్ క్రిస్టెన్సెన్ డెన్మార్క్‌లో పుట్టి, 1891లో అమెరికా చేరిన మెకానిక్. బ్రేకుల పనిలో ఆరితేరినవాడు. 1937లో, 72 ఏళ్ల వయసులో, గాడిలో కూర్చునే గుండ్రటి రబ్బరు రింగుకి పేటెంటు అడిగాడు. 1939లో వచ్చింది. అదే ఓ-రింగ్.

చూడ్డానికి చేతి గాజులా ఉంటుంది. కిటుకంతా గాడిలో ఉంది. గాడి లోతు రింగు మందం కంటే తక్కువ, వెడల్పు కాస్త ఎక్కువ. మూత బిగించగానే రింగు కొద్దిగా నలిగి రెండు వైపులా అతుక్కుంటుంది. నీటి ఒత్తిడి పెరిగితే అది రింగుని గాడిలో అవతలి గోడకేసి తోస్తుంది. నొక్కేకొద్దీ ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. లోపలి మూత ఉన్న ప్రెషర్ కుక్కర్‌లో ఆవిరే మూతని పైకి నొక్కి పట్టినట్టు, ఇక్కడ నీరే నీటికి తలుపు వేస్తుంది.

ఈ రింగుల బలంతోనే బెల్జియం ఇంజనీరు జాన్ ద వూటర్స్, ఫ్రెంచి సముద్ర అన్వేషకుడు కూస్తో బృందం కోసం విడి పెట్టె అక్కర్లేని కాలిప్సో కెమెరా చేశాడు. అదే 1963లో నికోనోస్‌గా బజారుకొచ్చింది.

అంత బలమైన రింగునీ ఒక్క తలవెంట్రుక ఓడిస్తుంది. వెంట్రుకో, ఇసుక రేణువో అడ్డుపడితే రింగు అక్కడ ఆనదు, సన్నటి కాలువ మిగిలిపోతుంది. అందుకే డైవర్లు రింగుని తీసి, వేళ్ల మధ్య నెమ్మదిగా జార్చుతూ గీతలున్నాయేమో చూస్తారు. గాడిని నూగు రాలని గుడ్డతో తుడుస్తారు. మెరుపు కనబడేంత గ్రీజు చాలు. గ్రీజు పని రింగు సాఫీగా జరిగేలా చూడటమే, సందులు పూడ్చడం కాదు. ఎక్కువ పూస్తే ఇసుకని పిలిచి కూర్చోబెట్టినట్టే.

చాలా లీకులు లోతులో కాదు, దిగిన మొదటి నిమిషాల్లోనే బయటపడతాయి. అంత తక్కువ లోతులో రింగుని తోసి బిగించేంత బలం నీటికి ఇంకా రాలేదు మరి. కొత్త హౌసింగ్‌ని, అంటే కెమెరా పెట్టెని, అందుకే ముందు ఖాళీగా, లోపల ఒక టిష్యూ కాగితం మాత్రం పెట్టి దించుతారు. పైకి తెచ్చాక కాగితం పొడిగా ఉంటేనే రెండోసారి కెమెరా దిగుతుంది. పాపం, థాంప్సన్ మొదటిసారే కెమెరాని దించాడు.