గర్భిణులకు అన్నభేది బిళ్ళలు

మాచెర్ల, గురజాల ప్రాంతముల సున్నపు నేలలలో మిరప, వేరుసెనగ లేతాకులు ఈనెలు మాత్రము పచ్చగా నుండి తక్కిన భాగమంతయు పసుపువన్నెకు తిరుగుట రైతు సోదరులు చూచియే యుందురు. నేలలో ఇనుము లేక కాదు. సున్నము దానిని వేళ్లకు అందనీయదు. అందులకు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేదియు, 1 గ్రాము నిమ్మ ఉప్పును కలిపి చల్లుడని మేము చెప్పుచుందుము, మీరును చల్లుచుందురు.

గడచిన మాఘమున దుర్గి వైపు ఒక గ్రామమున ఇట్లే చెప్పి, ఒక రైతుగారి అరుగుపై కూర్చుంటిని. మజ్జిగ తెచ్చిన వారి కోడలు ఏడవ నెల గర్భిణి. పెదవులలో, గోళ్లలో రక్తపుచాయ లేదు. గడప దాటుటకే ఆయాసపడుచుండెను. ఇనుప బిళ్ళలు వేసికొనుచున్నదా యని అడిగితిని. అత్తగారు గూటిలోనుండి విప్పని ఎఱ్ఱబిళ్ళల అట్టలు తెచ్చి, “ఇయ్యి మింగితే బిడ్డ నల్లగా పుడతాడంట బాబూ, కడుపులో పెద్దోడై కాన్పు కష్టమయిద్దంట” అనెను.

అట్ట త్రిప్పి చదివితిని. అందున్నది మన అన్నభేదియే, మందుగా శుద్ధిచేసినది! (పొలమునకు తెచ్చిన అన్నభేదిని మాత్రము ఎవ్వరును నోట వేసికొనరాదు, బిళ్ళలనైనను పసిపిల్లలకు అందనీయరాదు, ఎక్కువ మ్రింగిన ప్రాణాపాయము.) మలము నల్లబడుట నిజమే, అది ఒంటికి పట్టక మిగిలిన ఇనుము. బిడ్డ రంగుతో దానికి సంబంధము లేదు.

ప్రభుత్వము ఉచితముగా నిచ్చు ఆ బిళ్ళలో ఇనుము 60 మిల్లీగ్రాములు, ఫోలిక్ ఆమ్లము అర మిల్లీగ్రాము. నాలుగవ నెలనుండి దినమున కొకటి చొప్పున 180 దినములు, ప్రసవానంతరము మరల 180 దినములు వేసికొనవలయును. కాన్పులో పోయిన రక్తము బిడ్డ పుట్టగనే తిరిగి రాదు గదా! వికారము పుట్టినచో రాత్రి భోజనానంతరము వేసికొనవచ్చును.

ఫోలిక్ ఆమ్లముతో తెలుగువారికి చుట్టరికము కలదు. 1928 మొదలు బొంబాయి మిల్లు కూలీలలో గర్భిణుల పాండురోగమును పరీక్షించిన లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు, ఈస్టు సారము తినిపింపగా వారు కోలుకొనుట కనిపెట్టెను. అందలి గుణపదార్థమే ఇది. దానిని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేసిన బృందమును నడిపినవారు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

ఈ ఆమ్లమును గర్భము తెలిసిన పిదప మొదలిడిన చాలదు. శిశువు వెన్నుపాము ఏర్పడు గొట్టము 28 దినములలోనే మూసికొనును. అప్పటికి తల్లికి నెల తప్పిన సంగతియే తెలియకపోవచ్చును. ఆ లోపముగల బిడ్డను ఒకసారి కన్న తల్లులు ముందుగానే దీనిని పుచ్చుకొనగా, నూటికి 72 వంతులు మరల అట్టి లోపము రాకుండెనని 1991లో ప్రకటితమైన పరిశోధన చెప్పుచున్నది. విత్తుటకు ముందే దుక్కిలో వేయు ఎరువు వంటిది. కావున బిడ్డలు కావలెనని తలచిన నాటినుండి మూడవ నెల నిండువరకు దినమునకు 400 మైక్రోగ్రాములు పుచ్చుకొనవలయును. మునుపు అట్టి కాన్పైనవారికి మోతాదు హెచ్చు, వైద్యునే అడుగవలయును.

కాల్షియము బిళ్ళలును నాలుగవ నెలనుండియే ఇత్తురు. అవి మంచివే, కాని ఇనుప బిళ్ళతో కలిపి వేసికొనరాదు, రెండు గంటలైన ఎడముండవలయును. మన సున్నపు నేల చేయు పనినే కాల్షియము కడుపులోను చేయును. తేనీరును అట్టిదే. నిమ్మరసము మేలు చేయును. నిమ్మ ఉప్పు మీరెరుగనిది కాదు. బిళ్ళ ఉన్నదని సజ్జరొట్టె, తోటకూర, పప్పు, గ్రుడ్డు తగ్గింపరాదు.

రక్తపరీక్షలో హీమోగ్లోబిను 11 గ్రాములకు తక్కువైన రక్తహీనత. 7 గ్రాములకు దిగినచో బిళ్ళలతో కాలక్షేపము చేయరాదు. బలముగల స్త్రీ ఓర్చుకొను రక్తస్రావమే అట్టి తల్లిని బలిగొనును. ఆ కోడలికి 6 గ్రాములే యుండెను. మరునాడే నరసరావుపేట వైద్యశాలకు తీసికొనిపోయి రక్త మెక్కించిరి.

వైశాఖమున ఆమెకు ఆడబిడ్డ కలిగెను. పిల్ల మేనమామ చాయయట. మొన్న ఆ త్రోవను పోవుచు గూటిలోని అట్టల మాట అడుగగా, ఇంక పందొమ్మిది బిళ్ళలే మిగిలినవని అత్తగారే లెక్క చెప్పిరి.