పిల్లికి మూత్రబాధ - చవకగా ఏం పెట్టాలి?

పుల్లలచెరువు వైపు వేసవి ముదిరిందంటే మూత్రంలో మంట, నడుంలో పోటు అంటూ వచ్చే రోగులు ఎక్కువవుతారు. ఎండ ఎక్కువ, మంచినీటి వసతి తక్కువ. ఆ మధ్య మూత్రపిండంలో రాయి వున్న భర్తను వెంటబెట్టుకుని వచ్చిన ఒకావిడ, మందుల చీటీ తీసుకున్నాక కూడా కదలలేదు.

"సారూ, మా ఇంట్లో పిల్లి గూడా ఈయన మాదిరే ముక్కతా ఉంది. ఈయన తాగే సీసా మందే దానికి రెండు చెంచాలు పోశా. తప్పా సారూ?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"మగదా, ఆడదా? ఎప్పట్నుంచి పొయ్యలేదు?"

"పోతుపిల్లి సారూ. నిన్న పొద్దుట్నుంచి చుక్క లేదు."

"మందు సంగతి తర్వాతమ్మా. ముందు దాన్ని పశువుల ఆసుపత్రికి తీసుకుపో" అన్నాను. అక్కడ గొట్టం వేసి మూత్రం తీశారు. పిల్లి బతికింది.

నేను మనుషుల డాక్టర్ని. పిల్లికి వచ్చిన జబ్బేమిటో తేల్చవలసింది పశువైద్యులే. అయితే రోజూ గిన్నెలో ఏం పడుతుందన్నది ఇంటివాళ్ళ చేతిలో వున్న విషయం. ఆవిడ తర్వాత అడిగిందీ అదే: "దానికేం పెట్టాల సారూ? మాకు కొనే తాహతు లేదే!"

ముందు ప్రాణం సంగతి

మగపిల్లి మూత్రనాళం చాలా సన్నం. ఇసుకలాంటి పలుకులు, జిగురు చేరి అది మూసుకుపోతుంది. పిల్లి మాటిమాటికీ కూర్చుంటుంది, అరుస్తుంది, అక్కడ నాకుతుంది. మలబద్ధకం అనుకుని చాలామంది ఆముదం పట్టిస్తారు. మూత్రం పూర్తిగా ఆగితే రక్తంలో పొటాషియం పెరిగి, ఒకటి రెండు రోజుల్లో గుండె ఆగే ప్రమాదం వుంది. ఆ సమయంలో ఏ తిండీ మందు కాదు. తెల్లారనిద్దాం అనుకోకండి.

మన మందులు దానికి పొయ్యకూడదు. రాళ్ళకు మేము రాసే సిట్రేటు సిరప్పుల్లో చాలావాటిలో వుండేది పొటాషియమే. మూత్రం ఆగిన పిల్లికి అది పోస్తే నిప్పులో కిరసనాయిలు పోసినట్టే. నొప్పి తగ్గుతుందని పారాసెటమాల్ వెయ్యకండి. ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్ర పిల్లిని చంపగలదు.

బాధ ఎందుకు వస్తుంది?

పిల్లి ఎడారి జంతువు సంతతి. దాహం తక్కువ, మూత్రం చిక్కన. అడవిలో అది తినే ఎలుకలో నూటికి డెబ్బై పాళ్ళు నీరే కనుక వేరే తాగే అవసరం పెద్దగా వుండదు. మనం పెట్టే బిస్కెట్ల తిండిలో నీరు నూటికి పది పాళ్ళు మాత్రమే. ఆ లోటును పిల్లి తాగి పూర్తిగా తీర్చుకోదు.

మూత్రబాధ వున్న ప్రతి పిల్లికీ రాయి వుండదు. చాలావాటికి రాయి లేకుండానే మూత్రాశయం వాస్తుంది. ఇల్లు మారడం, కొత్త పిల్లి రావడం వంటి బెదురుకీ వస్తుంది. రాళ్ళలో ముఖ్యమైనవి రెండు. స్ట్రూవైట్ రాయి మూత్రంలో ఆమ్లగుణం తగ్గితే పెరుగుతుంది, సరైన ఆహారంతో కరుగుతుంది. కాల్షియం ఆక్సలేట్ రాయి తిండితో కరగదు. 1980ల నుంచి కంపెనీలు ఆమ్లగుణం పెంచే ఆహారాలు తయారుచేశాక మొదటి రకం తగ్గింది, రెండో రకం పెరిగింది. కాబట్టి ఏ రాయో తేలకుండా సొంత వైద్యం పనికిరాదు.

చవకైన మార్గం

నాలుగు కిలోల పిల్లికి తిండితో కలిపి రోజుకు సుమారు 200 మిల్లీలీటర్ల నీరు అందాలి. గిన్నెలో పోస్తే తాగని పిల్లికి తిండిలో కలిపి ఇవ్వడమే ఉపాయం.

మీరు బిస్కెట్లు వాడుతుంటే 50 గ్రాములకు 100 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్ళు పోసి, పది నిమిషాలు నాననిచ్చి పెట్టండి. సగం నీరు అక్కడే అందింది. మొదట కొద్ది నీళ్ళతో మొదలుపెట్టి వారం పది రోజుల్లో పెంచండి. ఎండాకాలం గంటకు మించి వుంచకండి, పులుస్తుంది. పొట్లం మీద 'సంపూర్ణ ఆహారం' అని రాసివున్నది కొనండి. విడిగా తూచి అమ్మేది వద్దు.

కోడి అంగట్లో గుండెలు, కందనకాయలు, మెడ ముక్కలు మాంసంకంటే చవక. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించి, ఎముకలు తీసి, ఉడికిన నీళ్ళతో సహా పెట్టండి. ఆ నీళ్ళు పారబొయ్యకండి. పిల్లికి అత్యవసరమైన టారీన్ అనే పదార్థం అందులోకే దిగుతుంది. టారీన్ కొరవడితే పిల్లి గుండె కండరం బలహీనపడుతుందని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు తేల్చారు. కార్జం వారానికి ఒకసారి చాలు. ఎక్కువైతే 'ఎ' విటమిన్ పేరుకుని ఎముకలకు చేటు. అయితే మాంసం ఒక్కటే నెలల తరబడి పెడితే కాల్షియం చాలదు. అందుకే ఒక పూట నానబెట్టిన బిస్కెట్లు, ఒక పూట మాంసం అనే పద్ధతి మధ్యతరగతి ఇంటికి సరిపోతుంది.

పెరుగన్నం మన ఇళ్ళ అలవాటు. కొద్దిగా పెడితే తప్పులేదు గానీ అదే భోజనం కాకూడదు. మాంసకృత్తులు చాలవు. శాకాహారం మూత్రంలో ఆమ్లగుణం తగ్గిస్తుంది, స్ట్రూవైట్‌కు కావలసిందీ అదే. ఎండుచేపల్లో ఉప్పు, ఖనిజాలు ఎక్కువ, నీరు తక్కువ. వాటిని మానేయండి. పచ్చిచేప ఉడికించి అప్పుడప్పుడూ పెట్టవచ్చు. పులుసులో ముక్క కడిగి పెట్టినా ఉల్లి సారం పోదు. ఉల్లి పిల్లి రక్తకణాలను పగలగొడుతుంది. ఉలవకట్టు, కొండపిండాకు రసం దానికి పట్టించకండి.

నీళ్ళు మీరు తాగేవే పెట్టండి. వెడల్పు గిన్నెలు రెండు, తిండికి దూరంగా. రోజూ మార్చండి.

ఖరీదైన ప్రత్యేక ఆహారం ఎప్పుడు?

మూత్రపరీక్ష, అవసరమైతే ఎక్స్‌రే తీసి స్ట్రూవైట్ అని తేలినప్పుడు. చాలా పిల్లులకు కొన్ని వారాల్లో కరుగుతుంది. ఆ తర్వాత కొనసాగించాలా వద్దా అన్నది పశువైద్యుణ్ణి అడగండి. ఆ తిండి పెట్టేటప్పుడు ఇంకేదీ కలపకండి, పెట్టిన డబ్బు వృథా అవుతుంది. ఒకసారి వచ్చిన బాధ మళ్ళీ రావచ్చు. ఇసుక తొట్టెలో రోజుకు ఎన్ని తడి ఉండలు కడుతున్నాయో చూస్తుండండి. బయట తిరిగే పిల్లిని వారం రోజులు ఇంట్లో వుంచి చూడండి. ఉండలు చిన్నవై, సంఖ్య పెరిగితే ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

పోయిన నెల ఆవిడ భర్తకు మందుల కోసం మళ్ళీ వచ్చింది. పిల్లి బాగుందట. "ఇప్పుడు ఇద్దరికీ నీళ్ళు కొలిచి పోస్తున్నా సారూ. పిల్లే మాట వింటోంది" అంది. భర్త తల వంచుకున్నాడు.