సూటి పళ్ల ప్రెస్సు

పాలిటెక్నిక్ వర్క్‌షాపులో ఎవరో ఒక పిల్లవాడు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది: "సార్, సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే దిగిపోయేదానికి ఇంత ఇనుప దిమ్మ ఎందుకు?" ఆ పిల్లవాడు చూపించేది ఆర్బర్ ప్రెస్సును. పోత ఇనుముతో చేసిన వంకర చట్రం, అందులో పైకీ కిందికీ జారే ఒక చదరపు కడ్డీ, పక్కన ఒక పొడవాటి పిడి. మోటారు లేదు, నూనె గొట్టాలు లేవు, కరెంటు తీగ లేదు. తిరుపతిలోనో చిత్తూరులోనో ఏ లేత్ షాపుకు వెళ్లినా ఒక మూల బల్లకు బిగించి కనిపిస్తుంది. బుష్షు దించడానికో బేరింగు ఎక్కించడానికో తప్ప దాని వైపు ఎవరూ చూడరు. ఈ మధ్య ఇంట్లో తోలు పని చేసుకునేవాళ్లు, అంటే పర్సులు, బెల్టులు, తాళంచెవుల బిళ్లలు కుట్టుకునేవాళ్లు దీన్ని కొనుక్కుంటున్నారు. ఇది తోలు కోసం పుట్టింది కాదు. అయినా తోలుకు ఇంతగా ఎందుకు నప్పిందో చూస్తే ఆ పిల్లవాడి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

ముందు దాని అసలు పని. లేత్ మీద ఒక గేరునో కప్పీనో తిప్పేటప్పుడు మధ్య రంధ్రానికీ బయటి అంచుకీ కేంద్రం ఒక్కటే కావాలి. అందుకని రంధ్రంలోకి ఒక ఉక్కు కడ్డీని బిగించి, ఆ కడ్డీని రెండు కొసల దగ్గర పట్టుకుని తిప్పుతారు. మాండ్రెల్ అన్నా ఆర్బర్ అన్నా ఆ కడ్డీయే. చూడటానికి నిటారుగా ఉంటుంది కానీ ఒక కొస నుంచి రెండో కొసకు లావెక్కుతూ పోతుంది. ఎంత? మీటరు పొడవుకు సుమారు అర మిల్లీమీటరు. కంటికి ఆనని ఆ ఏటవాలే కడ్డీని రంధ్రంలో గట్టిగా పట్టి ఉంచుతుంది. దాన్ని సుత్తితో దించితే కొస నలుగుతుంది, కడ్డీ ఒక పక్కకు ఒరుగుతుంది, తర్వాత తిప్పిన గేరంతా వంకర. కావలసింది దెబ్బ కాదు, నెమ్మదిగా, తిన్నగా, ఆగకుండా తోసే బలం. పందొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికి అమెరికా మెషిన్ షాపుల్లో ఈ ప్రెస్సు మామూలు సామాను అయింది.

లోపలి అమరిక రెండే ముక్కలు. కిందికి దిగే కడ్డీని ర్యామ్ అంటారు. దాని ఒక ముఖం మీద వరుసగా పళ్లు ఉంటాయి, అది ర్యాక్. పిడి ఇరుసు మీద చిన్న పళ్ల చక్రం, అది పినియన్. పిడి తిప్పితే చక్రం తిరుగుతుంది, చక్రం పళ్లు ర్యాక్ పళ్లను తోస్తాయి, ర్యామ్ దిగుతుంది. ఇంతేనా అనిపిస్తుంది. నాకు ఎన్నాళ్లయినా తనివి తీరని సంగతి మాత్రం ఆ పళ్ల ఆకారం.

చక్రం పన్ను పక్కలు వంపు తిరిగి ఉంటాయి. ర్యాక్ పన్ను పక్కలు గీత గీసినట్టు సూటిగా ఉంటాయి. ఈ రెండూ ఒకదాన్నొకటి ఎక్కడా కుదుపు లేకుండా ఎలా తోసుకుంటాయి? గుండ్రటి కడ్డీకి చుట్టిన దారాన్ని బిగువుగా పట్టి విప్పుకుంటూ పోతే, దారం కొస గాలిలో ఒక వంపు గీస్తుంది. దాన్ని ఇన్‌వల్యూట్ అంటారు. గేరు పళ్లకు ఆ వంపే తగినదని పద్దెనిమిదో శతాబ్దంలో లియొన్‌హార్డ్ ఆయిలర్ చూపించాడు. ఆ వంపు ఉన్న పళ్లు కలిసినప్పుడు పన్ను మొదట్లో తాకినా, నడుమ తాకినా, కొసన తాకినా తోసే దిక్కు మారదు, వేగాల నిష్పత్తి మారదు. ఇప్పుడు దారం చుట్టిన ఆ కడ్డీని పెద్దది చేసుకుంటూ పోదాం. వంపు చదునవుతూ వస్తుంది. కడ్డీ వ్యాసార్ధం అనంతమైతే వంపు సూటి గీత అయిపోతుంది. అంటే ర్యాక్ అనేది అనంతమైన వ్యాసం ఉన్న గేరులో ఒక ముక్క. దాని పన్ను సూటిగా ఉండటం చవకబారుతనం కాదు, గణితం. బ్లాకుబోర్డు మీద ఈ మాట చెప్పినప్పుడు వెనక బెంచీలో కూడా ఒకరిద్దరి కళ్లు మెరుస్తాయి.

ఈ గణితం వల్ల చేతికి దక్కేది ఒక స్థిరమైన లెక్క. పిడి పొడవు 400 మిల్లీమీటర్లు, పినియన్ వ్యాసార్ధం 16 మిల్లీమీటర్లు అనుకుందాం. 400ని 16తో భాగిస్తే 25. చేత్తో 20 కిలోల బలం పెడితే ర్యామ్ కింద, రాపిడిలో పోయేది పోగా, 500 కిలోల దగ్గరికి వస్తుంది. మొదటి మిల్లీమీటరులోనూ అదే 25, చివరి మిల్లీమీటరులోనూ అదే 25.

దీనికి పోటీదారు ఫ్లై ప్రెస్సు. ఇనుప గుండ్లు తగిలించిన అడ్డకర్రను గిర్రున తిప్పితే మర దిగి దెబ్బ పడుతుంది. యూరపులో పదహారో శతాబ్దం నుంచి నాణేలు అచ్చు వేసింది ఆ మర ప్రెస్సులే. మన చిన్న కార్ఖానాల్లో రేకులకు రంధ్రాలు కొట్టడానికి, లాకెట్ల మీద బొమ్మలు ముద్రించడానికి ఇప్పటికీ అదే. గొప్ప యంత్రం, సందేహం లేదు. కానీ దాని పద్ధతి సుత్తి పద్ధతే: శక్తిని వేగంలో దాచుకుని ఒక్కసారిగా వదలడం. అలా వదిలినప్పుడు ఎంత బలం పుడుతుందో నిర్ణయించేది మన చెయ్యి కాదు, కింద ఉన్న వస్తువు. అర కిలో సుత్తి సెకనుకు 5 మీటర్ల వేగంతో పడితే దాని శక్తి 6 జౌళ్లకు కొంచెం పైన. ఒక మిల్లీమీటరులో ఆగితే సగటు బలం 640 కిలోల దాకా వస్తుంది. అదే, కింద చెక్క దిమ్మ కాస్త మెత్తగా ఉండి మూడు మిల్లీమీటర్లు అణిగితే 212 కిలోలే. ఒకే దెబ్బకు ఇంత తేడా. పైగా అంతా రెండు మిల్లీసెకన్లు కూడా పట్టదు.

లోహానికి ఆ తొందర పనికొస్తుంది. తోలుకు పనికిరాదు. ఎందుకంటే తోలుకు టైము కావాలి.

తోలంటే కొలాజెన్ పోగుల అల్లిక. కొలాజెన్ అణువులో మూడు గొలుసులు పేనుకుని ఉంటాయని 1954లో మద్రాసులోనే జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా చెప్పారు. వాళ్లకు నమూనా ఇచ్చింది పక్కనే ఉన్న కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ. తెనాలి ప్రాంతం నుంచి వెళ్లిన యలవర్తి నాయుడమ్మ తర్వాతి కాలంలో డైరెక్టరుగా నడిపించింది ఆ సంస్థనే. ఈ పోగులను కుళ్లకుండా కాపాడే పని మన ఊళ్లలో తంగేడు పట్ట, కరక్కాయ చేశాయి. మాదిగ వాడల్లో లందలు తవ్వి, ఆ పట్టల నీళ్లలో తోళ్లను రోజుల తరబడి ఊరబెట్టేవాళ్లు. తంగేడు పట్టతో పదును చేసిన తోళ్లు మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి విదేశాలకు వెళ్లాయి. రాయలసీమ గట్ల మీద పచ్చగా పూసే ఆ పొద వెనక ఇంత పెద్ద వ్యాపారం ఉందని తెలిసినవాళ్లు తక్కువ.

పట్టలోని టానిన్లు పోగులను హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటాయి. తోలును తడి చేస్తే నీళ్లు ఆ బంధాల మధ్యకు వెళ్లి వాటిని సడలిస్తాయి, పోగులు జారడానికి సిద్ధమవుతాయి. అప్పుడు అచ్చును నొక్కి ఉంచితే నీళ్లు పక్కలకు జరుగుతాయి, పోగులు కొత్త చోట సర్దుకుంటాయి. ఆరాక బంధాలు ఆ కొత్త చోటనే మళ్లీ బిగుస్తాయి, ముద్ర నిలిచిపోతుంది. సుత్తి దెబ్బలో ఈ సర్దుబాటుకు వ్యవధి లేదు. పైగా అచ్చు ఎగిరి పడి రెండు గీతలుగా దిగుతుంది. ఆర్బర్ ప్రెస్సులో పిడి మీద బరువు మోపి పది అంకెలు లెక్కపెట్టినా అడిగేవాళ్లు లేరు. క్రోమియంతో పదును చేసిన క్రోమ్ తోలుతో మాత్రం ఈ విద్య సాగదు. క్రోమియం కట్టిన ముడులు నీళ్లకు సడలవు. నొక్కినంతసేపు అణిగి, వదలగానే పైకి లేస్తుంది. చిత్తూరు దాటి పాలారు వెంట వెళ్తే రాణిపేట, ఆంబూరు, వాణియంబాడిలో రెండు రకాలూ దొరుకుతాయి. చెన్నై పెరియమెట్ అంగళ్లలో కూడా అడగవచ్చు. కొనేటప్పుడు తోలు అంచును కోసి చూడండి. నడిమి పొర గోధుమ రంగులో ఉంటే పట్టతో చేసింది, నీలిబూడిద రంగు కనిపిస్తే క్రోమ్.

తడి తోలు మీద ఇనుప అచ్చు పెట్టవద్దని కూడా ఇక్కడే చెప్పాలి. కాసేపటికే నల్లటి మరక పడుతుంది, కడిగినా పోదు. ఈ నలుపు మనకు కొత్త కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు గుడ్డను ముందు కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో ఊరబెట్టి, ఆ నీళ్లతో గీత గీస్తే గుడ్డ మీద నలుపు పుడుతుంది. కరక్కాయలోని టానిను, ఇనుము కలిస్తే నలుపు. గుడ్డ మీద కళ అయినది పర్సు మీద మచ్చ అవుతుంది. కాబట్టి ఇత్తడి అచ్చు వాడాలి, లేదా నడుమ పలుచటి ప్లాస్టిక్ కాగితం వేయాలి.

ఎంత పెద్ద అచ్చు నొక్కగలం? బలాన్ని వైశాల్యంతో భాగించాలి. రెండు సెంటీమీటర్ల చదరపు అచ్చు వైశాల్యం 4 చదరపు సెంటీమీటర్లు. మన 500 కిలోలు దాని మీద చదరపు సెంటీమీటరుకు 125 కిలోలు అవుతాయి. అదే అచ్చు అయిదు సెంటీమీటర్లదైతే వైశాల్యం 25, ఒత్తిడి 20 కిలోలే. పెద్ద అచ్చు సరిగా దిగలేదంటే లోపం ప్రెస్సుది కాదు, భాగహారంది. కుట్టు రంధ్రాల పళ్ల ఉలి, గుండ్రటి పంచి, టిచ్ బటన్లు, రివిట్లు ఇవన్నీ చిన్న వైశాల్యాలే, హాయిగా దిగుతాయి. కోసే పనులకు కింద వంటింటి ప్లాస్టిక్ కటింగ్ బోర్డు ముక్క వేస్తే అంచు మొద్దుబారదు.

ముద్ర ఒక పక్క లోతుగా, ఇంకో పక్క తేలికగా పడితే చాలామంది అచ్చును తిడతారు. కారణం ఆ సూటి పళ్లలోనే ఉంది. ర్యాక్ పన్ను పక్క నిట్టనిలువుగా ఉండదు, మామూలుగా 20 డిగ్రీలు వాలి ఉంటుంది. అందువల్ల పినియన్ ర్యామ్‌ను కిందికే కాదు, పక్కకు కూడా నెడుతుంది. కిందికి 500 కిలోలైతే తనకు దూరంగా 180 కిలోల పైన. ఆ నెట్టుడును ఆపేది ర్యామ్‌కు ఎదురుగా మరలతో బిగించిన పలక. ఆ మరలు వదులైతే ర్యామ్ ఒరుగుతుంది, ముద్ర ఒరుగుతుంది. ముద్ర ఒరిగిందని వచ్చే ప్రతి కుర్రాడికీ నేను మొదట చెప్పేది ఇదే: అచ్చు మార్చకు, పలక బిగించు, గ్రీజు రాయి, ర్యామ్ తన బరువుతో తాను జారిపోకుండా, చేత్తో కదిపితే మాత్రం కదిలేలా చూసుకో.

ఈ ప్రెస్సు చేయలేని పనీ ఉంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్లు మేక తోలును పలుచగా, వెలుగు పారేలా చేసి, చిన్న ఉలులతో వేల రంధ్రాలు కొడతారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ ఆర్బర్ ప్రెస్సు పెట్టినా ఉపయోగం లేదు. ర్యామ్‌కూ వెనక చట్రానికీ మధ్య ఖాళీ చిన్న ప్రెస్సుల్లో నాలుగైదు అంగుళాలకు మించదు. మనిషెత్తు బొమ్మ నడుము ఆ నోట్లోకి చేరదు. ఆ ఖాళీ పెంచితే చట్రం నోరు తెరుచుకుని వంగుతుంది. అంచు పనులకు ప్రెస్సు, విశాలమైన తోలు నడుమకు ఉలి, సుత్తి. ఇందులో ఏదీ ఇంకోదానికి తక్కువ కాదు. నిమ్మలకుంట ఉలి దెబ్బలో కంటి కొలత ఉంది, దాన్ని ఏ పళ్ల చక్రమూ ఇవ్వలేదు.

తర్వాతి కథ త్వరగా చెప్పేయవచ్చు. నీటి ఒత్తిడితో నడిచే ప్రెస్సుకు జోసెఫ్ బ్రామా 1795లోనే పేటెంటు తీసుకున్నాడు. టన్నుల లెక్క పెరిగేకొద్దీ కార్ఖానాలు ఆ దారిలోకి వెళ్లాయి. చెప్పుల ఫ్యాక్టరీల్లో పైతోలు ముక్కలను కోసేది ఇప్పుడు హైడ్రాలిక్ కటింగ్ ప్రెస్సులే. తిరుపతి జిల్లా తడ దగ్గర మాంబట్టులో అడిడాస్ బూట్లు తయారుచేసే అపాచీ ఫ్యాక్టరీ ఉంది. అంత పెద్ద ఉత్పత్తిలో పిడి పట్టుకుని లాగే యంత్రానికి చోటు లేదు. ఇంటి బల్ల మీద ఉంది. అక్కడ రోజుకు పది ముక్కలు చేసినా చాలు, ప్రతి ముక్క తోలు మందాన్ని చెయ్యి తెలుసుకోవాలి. వీపు తోలు గట్టిగా ఎదురు తిరుగుతుంది, పొట్ట తోలు మెత్తగా లొంగిపోతుంది. నిష్పత్తి మారదు కాబట్టి ఆ తేడా పిడి గుండా అలాగే అరచేతికి చేరుతుంది. పంచి తోలును దాటి బోర్డును తాకిన క్షణం కూడా తెలుస్తుంది. హైడ్రాలిక్ జాకీలో ఇంత స్పష్టంగా తెలియదు.

కొనాలనుకునేవాళ్లకు ఒక సంగతి. 25 రెట్లు అన్న లెక్క పిడికి అడ్డంగా తోసినప్పటిది. మనం మామూలుగా ఒంటి బరువును నిలువుగా మోపుతాం. పిడి నేలకు సమాంతరంగా ఉంటే ఆ బరువు పూర్తిగా పనిచేస్తుంది, 60 డిగ్రీలు పైకి లేచి ఉంటే సగమే. కాబట్టి అచ్చు తోలును తాకే క్షణానికి పిడి దాదాపు అడ్డంగా వచ్చేలా అచ్చు కింద దిమ్మలు వేసి ఎత్తు సరిచేసుకోవాలి. బల్లకు నట్లు బిగించకుండా మాత్రం పిడి ముట్టవద్దు, బరువు పడితే ప్రెస్సే ముందుకు ఒరుగుతుంది. పాత ప్రెస్సు దొరికితే ర్యామ్‌ను పూర్తిగా కిందికి దించి ర్యాక్ నడిమి పళ్లను వేలితో తడిమి చూడండి. అరిగేది ముందుగా అవే. పక్కలు ఇంకా సూటిగా, పదునుగా ఉంటే బేరమాడవచ్చు.