పచ్చ ముద్ర మందే కదా అని చేతులతో కలుపుతున్నారా?

ఒమన్‌లోని బాతినా వైపు ఒక మజరాలో కీర దోస తోట చూసుకునే తమ్ముడు ఈమధ్య ఫోన్ చేశాడు. సొంతూరు జగిత్యాల వైపు. ఇంటి దగ్గర రెండెకరాల పసుపు ఉంది. అతను అడిగింది ఒకటే ప్రశ్న.

"అన్నా, ఊళ్లె పచ్చ ముద్ర జూసి చేతుల్తోనే కలిపినం. ఈడ గదే మందు ప్యాకెట్ మీద మనిషి ఛాతిల సుక్క పగిలినట్టు బొమ్మ ఉంది. మందు మారిందా, మనం చదువుడు తప్పిందా?"

మంచి ప్రశ్న. గల్ఫ్‌లో తోట పనికి వచ్చిన మనవాళ్లు చాలామంది రోజూ మందు కొడుతూ కూడా అడగని ప్రశ్న. అతనికి చెప్పిన జవాబే ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

ఆ మందు పేరు మాంకోజెబ్. మన రైతుల నోట ఎం-45. పసుపు విత్తన కొమ్ములు నాటే ముందు ఈ ద్రావణంలోనే ముంచి తీస్తారు. ఆకుమచ్చ వస్తే ఇదే కొడతారు. అనంతపురం, కడప వైపు వేరుశనగ తిక్క తెగులుకు, టమాటా మాడు తెగులుకు కూడా ఇదే. గల్ఫ్ గ్రీన్‌హౌసుల్లో దోస పాదుకు బూజు తెగులు తగిలితే ఇదీ, దీని కుటుంబం మందులే చేతికొస్తాయి. 1960ల మొదట్లో మార్కెట్లోకి వచ్చిన పాత మందు. మాంగనీసు, జింకు కలిసి ఉండే పసుపు పచ్చటి పొడి.

మందు మారలేదు. పొడి అదే. మారింది, దాన్ని పరీక్ష చేసినవాళ్లు అడిగిన ప్రశ్న.

మొదటి ప్రశ్న: ఒక్కసారిగా ఎంత తింటే ప్రాణం పోతుంది?

మన దేశంలో మందు డబ్బా మీద ఉండే రంగు త్రికోణం ఈ ఒక్క ప్రశ్నకే జవాబు. 1968 నాటి పురుగు మందుల చట్టం, 1971 నాటి నిబంధనల కింద ఈ రంగులు పెట్టారు. ఎలుకలకు మందు తినిపించి, వాటిలో సగం చచ్చిపోయే మోతాదు ఎంతో లెక్క కడతారు. దాన్ని ఎల్‌డీ 50 అంటారు. ఒంటి బరువు కిలోకి ఇన్ని మిల్లీగ్రాములు అని చెబుతారు.

ఆ మోతాదు 50 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఎర్ర ముద్ర, పుర్రె బొమ్మ. 51 నుంచి 500 వరకు పసుపు ముద్ర. 501 నుంచి 5000 వరకు నీలం. 5000 దాటితే పచ్చ. అంటే అంకె పెరిగేకొద్దీ విషం తగ్గినట్టు. మాంకోజెబ్‌కు ఈ లెక్క 5000 దాటుతుంది. అందుకే పచ్చ ముద్ర. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్ని 'యు' అనే తరగతిలో పెట్టింది. మామూలుగా వాడితే అప్పటికప్పుడు విషమెక్కే అవకాశం తక్కువ అని దానర్థం.

ఇందులో అబద్ధం లేదు. మోనోక్రోటోఫాస్ లాంటి ఎర్ర ముద్ర మందు మింగినవాడి పరిస్థితి, ఈ పొడి పొరపాటున నోట్లో పడ్డవాడి పరిస్థితి ఒకటి కాదు. కానీ పచ్చ ముద్ర చెప్పేది ఆ ఒక్క సంగతే. రోజూ కొద్దికొద్దిగా ఒంట్లోకి పోతే ఏమవుతుంది? పదేళ్లు కొడితే ఏమవుతుంది? కడుపుతో ఉన్న ఆడమనిషి చేతులతో ముడితే ఏమవుతుంది? వీటిని ఆ ముద్ర అడగలేదు, జవాబూ చెప్పలేదు. మనమే 'పచ్చ అంటే మంచిది' అని అర్థం చేసుకున్నాం. ట్రాఫిక్ లైటు చూసినట్టు చూశాం.

రెండో ప్రశ్న: రోజూ కొంచెం కొంచెం పోతే?

దీనికి వేరే పరీక్షలుంటాయి. ఎలుకలకు 90 రోజులు, రెండేళ్లు మేతలో మందు కలిపి పెడతారు. రెండు తరాల పిల్లల్ని గమనిస్తారు. చూడి ఎలుకలకు ఇచ్చి కడుపులో పిల్లలు ఎలా ఉన్నాయో చూస్తారు. చర్మం మీద రాసి దద్దు వస్తుందా అని చూస్తారు. ఏ మోతాదు వరకు ఏ తేడా కనిపించలేదో అది పట్టుకుని, సాధారణంగా దాన్ని మళ్లీ వందతో భాగిస్తారు. ఎలుకకు, మనిషికి ఉన్న తేడా కోసం పది. మనిషికి, మనిషికి ఉన్న తేడా కోసం ఇంకో పది.

మాంకోజెబ్ విషయంలో ఈ పరీక్షలు ఎక్కువగా ఒక చోట వేలు పెట్టి చూపించాయి. అది థైరాయిడ్ గ్రంథి. ఈ మందు ఒంట్లోకి వెళ్లాక, ఎండకు తేమకు గోదాములో చెడిపోయినా, ఇథిలీన్ థయోయూరియా అనే పదార్థం తయారవుతుంది. పొట్టిగా ఈటీయూ అంటారు. అది థైరాయిడ్ పనిని దెబ్బ తీస్తుంది. ఎలుకల్లో కడుపులోని పిల్లలకు అవకరాలు తెచ్చింది.

ఇప్పుడు రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. 60 కిలోల మనిషికి ఎలుకల ఎల్‌డీ 50 లెక్క కడితే 300 గ్రాములు దాటుతుంది. పావు కిలో కంటే ఎక్కువ. ఎవరూ పొరపాటున అంత తినరు. అదే ఐక్యరాజ్య సమితి ఆహార, ఆరోగ్య సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం 1993లో పెట్టిన గీత చూడండి. ఈ కుటుంబం మందులన్నీ కలిపి తిండి ద్వారా జీవితాంతం రోజూ పోయినా ఫర్వాలేదన్న మోతాదు కిలోకి 0.03 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి రోజుకు 1.8 మిల్లీగ్రాములు. చిటికెడు పొడి కంటే చాలా తక్కువ. ఈటీయూకైతే గీత ఇంకా కింద, కిలోకి 0.004 మిల్లీగ్రాములు.

ఒకే మందు. ఒక లెక్కలో 300 గ్రాములు, ఇంకో లెక్కలో 1.8 మిల్లీగ్రాములు. పచ్చ ముద్ర మొదటి లెక్క చూపిస్తుంది. ఛాతీలో చుక్క పగిలిన బొమ్మ రెండో లెక్క చూపిస్తుంది.

యూరప్ ఎందుకు వద్దంది?

యూరప్‌లో మొదట మాంకోజెబ్‌ను గర్భంలోని బిడ్డకు హాని చేస్తుందేమో అని అనుమానించే రెండో తరగతిలో ఉంచారు. 2019లో అక్కడి రసాయనాల సంస్థ నిపుణుల కమిటీ దాన్ని '1బి' తరగతికి మార్చాలని చెప్పింది. 1ఎ అంటే మనుషుల్లోనే రుజువైంది. 1బి అంటే జంతువుల పరీక్షల్లో గట్టి ఆధారం దొరికింది. 2 అంటే అనుమానం. ఇక్కడ నంబరు చిన్నదైతే ప్రమాదం పెద్దది, గుర్తుంచుకోండి. హార్మోన్లను చెదరగొట్టే గుణం కూడా ఉందని తేల్చి, 2020 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ ఈ మందుకు అనుమతి పొడిగించలేదు.

మన దేశంలో 2020 మేలో కేంద్రం 27 మందుల్ని నిషేధిస్తామని ముసాయిదా ఇచ్చినప్పుడు అందులో మాంకోజెబ్ పేరు కూడా ఉంది. కానీ 2023లో చివరి ఉత్తర్వు వచ్చేసరికి దానికి పూర్తి నిషేధం రాలేదు. తయారీ, అమ్మకం సాగుతున్నాయి. ఎగుమతి కూడా అవుతోంది.

మరి ఎవరి మాట నమ్మాలి? ఇక్కడే ఒక తేడా తెలుసుకోవాలి. మందుకు హాని చేసే గుణం ఉండటం వేరు. ఆ హాని మనకు తగలడం వేరు. బోనులో పులికీ గుణం ఉంటుంది, తగిలే అవకాశం ఉండదు. లేబుల్ మీద బొమ్మ చెప్పేది గుణం. తగులుతుందా లేదా అన్నది మీరు ఎంతసేపు, ఎక్కడ, ఎలా పని చేస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. గాలి ఆడే చేనులో నెలకోసారి కొట్టే రైతు ఒకలా ఉంటాడు. ప్లాస్టిక్ కప్పేసిన గ్రీన్‌హౌస్‌లో, చెమటతో తడిసిన బనియన్ మీద, వారం వారం కొట్టే మనవాడు ఇంకోలా ఉంటాడు. పొడి, తుంపర పోయే దారి అక్కడ లేదు. గుణం ఒకటే అయినా, తగిలేది మనవాడికే ఎక్కువ.

ప్యాకెట్ ఇలా చదవండి

ఎర్ర అంచు, తెల్ల లోపలి భాగం ఉన్న డైమండ్ బొమ్మలు ఐక్యరాజ్య సమితి 2003లో ప్రపంచమంతటికీ కలిపి తెచ్చిన పద్ధతి. అరబ్బీ రాకపోయినా, ఇంగ్లిషు రాకపోయినా బొమ్మ అర్థమవ్వాలన్నదే ఉద్దేశం.

పుర్రె బొమ్మ: కొద్దిగా పోయినా వెంటనే ప్రాణం మీదికి వస్తుంది.

ఆశ్చర్యార్థకం: చర్మానికి, కంటికి మంట, దద్దు, దురద. మాంకోజెబ్ కొందరికి ఒకసారి దద్దు తెచ్చిందంటే తర్వాత కొద్దిగా తగిలినా మళ్లీ తెస్తుంది.

ఛాతీలో చుక్క పగిలిన మనిషి: నెమ్మదిగా లోపల చేసే హాని. క్యాన్సర్, కడుపులో బిడ్డ, అవయవాలు. ఏదో కింద రాసి ఉంటుంది.

చచ్చిన చేప, ఎండిన చెట్టు: కడిగిన నీళ్లు బావిలో, కాలువలో పోయొద్దు.

బొమ్మ పక్కన అరబ్బీలో 'ఖతర్' అని ఉంటే ప్రమాదం ఎక్కువ. 'తహ్‌జీర్' అంటే హెచ్చరిక, దానికంటే ఒక మెట్టు తక్కువ. 'సమ్' అంటే విషం. 'ముబీద్ ఫిత్రీ' అంటే తెగులు మందు, 'ముబీద్ హషరీ' అంటే పురుగు మందు. అక్షరాలు రాకపోతే ఫోన్లో ఫొటో తీసి అరబ్బీ వచ్చినవాళ్లకు చూపించండి. ఆ ఫొటో ఫోన్లోనే ఉంచుకోండి. ఎందుకో కింద చెబుతాం. లేబుల్ ఏ దేశంలో, ఏ ఏడాది ముద్రించారన్న దాన్ని బట్టి బొమ్మల్లో తేడా ఉండొచ్చు. ఏ బొమ్మా లేదని ధీమా పడొద్దు.

పనిలో ఇవి మరవొద్దు

పొడి కలిపేటప్పుడే ఎక్కువ లోపలికి పోతుంది. నోటికి కట్టుకున్న తువాలు మాస్కు కాదు. కనీసం ఎన్-95 లాంటిది కావాలి. చేతులకు గుడ్డ తొడుగులు, తోలు తొడుగులు వద్దు, అవి మందు పీల్చుకుని చర్మానికే అంటిస్తాయి. నైట్రైల్ రబ్బరు తొడుగులు అడగండి. "అర్బాబ్, మాస్క్, గ్లోవ్స్" అని అడగడానికి మొహమాటం ఎందుకు? మందు డబ్బు అతనిది, ఒళ్లు మీది.

ఎండ తగ్గాక కొట్టండి. చెమట పట్టిన చర్మం మందును ఎక్కువ పీల్చుకుంటుంది. అమెరికాలో ఈ మందు లేబుల్ మీద కొట్టాక 24 గంటలు మామూలు బట్టలతో తోటలోకి పోవద్దని రాసి ఉంటుంది. ఇక్కడ ఉదయం కొట్టి సాయంత్రం కాయ కోయమంటే ఆ సంగతి చెప్పండి. ఆ కాయలు రూముకు తెచ్చుకుని వండుకునేది కూడా మనమే.

మందు బట్టలు రూమ్మేట్ల బట్టలతో కలిపి మిషన్లో వేయొద్దు. ప్యాకెట్లు పడుకునే రూములో పెట్టొద్దు. ఎండకు ఉడికి, తడిసి గడ్డ కట్టిన పొడిలో ఈటీయూ పెరుగుతుంది, అది వాడొద్దు. ఇంకో మాట. ఈ కుటుంబంలోనే థైరమ్ అని ఒక విత్తన శుద్ధి మందుంది. అది తగిలిన రోజు మద్యం తాగితే మొహం ఎర్రబడి, వాంతులు, గుండె దడ వస్తాయి. అలాంటి మందులతో పని చేసిన రోజు సీసా ముట్టకపోవడమే మేలు.

ఒంట్లో తేడా చేస్తే

బట్టలు విప్పి, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. కంట్లో పడితే మంచినీళ్లు పోస్తూనే ఉండండి. మింగితే బలవంతంగా వాంతి చేయించొద్దు. అంబులెన్స్ నంబర్లు: సౌదీ 997, యూఏఈ 998, ఒమన్ 9999, కువైట్ 112, ఖతార్, బహ్రెయిన్‌లలో 999. డాక్టరుకు ఆ ప్యాకెట్ గానీ, ఫోన్లో ఫొటో గానీ చూపించండి. 'పురుగు మందు' అని మాత్రం చెబితే ఆయన ఎర్ర ముద్ర మందులకిచ్చే విరుగుడు గురించి ఆలోచిస్తాడు. మాంకోజెబ్‌కు అలాంటి ప్రత్యేక విరుగుడు లేదు, వైద్యం వేరు. పేరు తెలిస్తేనే సరైన వైద్యం.

ఇంతా విన్నాక తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత చిన్నగా అన్నాడు. "అన్నా, మా ఇంట్ల ఆమెకు నాలుగో నెల. వచ్చే వారం పసుపు పెడుతున్నరు. కొమ్ములు మందుల ముంచేది ఆమే, మా అమ్మనే."

తన ఒంటి గురించి అడగడానికి ఫోన్ చేసినవాడికి, అసలు జవాబు కావాల్సిన చోటు వేరే ఉందని అప్పుడు తెలిసింది. ఆ కాల్ పెట్టేసి వెంటనే ఇంటికి ఫోన్ చేశాడట. కోడలు ఆ పని చేయొద్దని, ముంచే పని నాన్న చేతులకు తొడుగులు వేసుకుని చేయాలని, ఆ బకెట్టు మళ్లీ ఇంట్లోకి తేవొద్దని చెప్పాడట. తల్లి మొదట నవ్విందట. "ఇన్నేండ్ల సంది ముంచుతున్నం, పచ్చ ముద్రనే గదరా" అని.

మీ ఇంట్లోనూ అదే మాట అంటారు. ఈ శుక్రవారం ఫోన్ చేసినప్పుడు, జీతం సంగతి, పంట సంగతి అయ్యాక, ఇదొక్కటీ అడగండి: మందు ఎవరు కలుపుతున్నారు, ఏ చేతులతో?