వారానికి ఏడు రోజులు, పనికి ఆరు రోజులే



మనలో చాలామందిమి సొంత పని చేసుకుంటాం. ఒకరు కూరగాయలు అమ్ముతారు. ఒకరు గేదెను పెట్టుకుని పాలు పోస్తారు. ఒకరు ఇంట్లోనే మిషన్ మీద బట్టలు కుడతారు. "నా మీద అజమాయిషీ చేసేవాళ్ళు లేరు. నా పనికి నేనే యజమానిని" అనుకుంటాం. అది నిజమే. కానీ ఒక సంగతి మరిచిపోతాం. ఆ పనిలో యజమానీ మనమే, కూలీ కూడా మనమే. కూలికి సెలవు ఇవ్వని యజమానిని అందరం తిడతాం. మరి మనకు మనం సెలవు ఇచ్చుకుంటున్నామా?

సెలవు ఊరికే రాలేదు

పూర్వం బొంబాయి బట్టల మిల్లుల్లో పనివాళ్ళకు వారం సెలవు ఉండేది కాదు. నారాయణ్ మేఘాజీ లోఖండే అనే నాయకుడు వాళ్ళను కూడగట్టాడు. 1884లో ఆదివారం సెలవు కావాలని అడిగారు. యజమానులు వినలేదు. కార్మికులు వదల్లేదు. 1890లో పెద్ద సభ పెట్టారు. ఆ సభలో ఇద్దరు ఆడ కార్మికులు కూడా లేచి మాట్లాడారు. ఆ ఏడాదే మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు.

మిల్లు పనివాళ్ళు యజమానితో కొట్లాడి సెలవు తెచ్చుకున్నారు. సొంత పని చేసేవాళ్ళం మనం ఎవరితో కొట్లాడాలి? కొట్లాట అక్కర్లేదు. వారం మొత్తానికి పనిని వరసగా పెట్టుకుంటే చాలు. బట్టలు కుట్టే పనిని తీసుకుని అదెలాగో చూద్దాం.

వరస లేకపోతే ఏమవుతుంది?

పొద్దున్నే ఒకామె జాకెట్టు గుడ్డ తెస్తుంది. "రేపటికి కావాలి" అంటుంది. సరే అంటాం. ఇంతలో ఇంకొకామె వస్తుంది. "పెళ్ళికి పోవాలి, సాయంత్రానికి ఇవ్వు" అంటుంది. దానికీ సరే అంటాం. ఒకటి సగం కత్తిరించి ఇంకొకటి పట్టుకుంటాం. పొయ్యి మీద అన్నం మాడుతుంది. రాత్రి దీపం కింద కూర్చుంటాం. నడుము నొప్పి, కళ్ళ మంట. ఇంత చేసినా చెప్పిన రోజుకు ఒక్కటీ కాదు. "రేపు రా, ఎల్లుండి రా" అని తిప్పుతాం. మన మాటకు విలువ పోతుంది.

ముందు లెక్క చూసుకోవాలి

ఒక జాకెట్టుకు మిషన్ మీద ఎంతసేపు పడుతుందో గడియారం చూసి రాసుకోండి. గంటన్నర అనుకుందాం. పొద్దున 10 నుంచి 1 దాకా, మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగున్నర దాకా కూర్చుంటే రోజుకు 5 గంటలు. అలా 3 రోజులు కుడితే 15 గంటలు. అంటే 10 జాకెట్లు.

కానీ 10 ఒప్పుకోవద్దు. 8 మాత్రమే ఒప్పుకోండి. 8 జాకెట్లకు 12 గంటలు చాలు. 3 గంటలు మిగులుతాయి. కరెంటు పోవచ్చు. బిడ్డకు జ్వరం రావచ్చు. కొలత సరిచెయ్యాల్సి రావచ్చు. మిగిలిన గంటలు అప్పుడు అక్కరకొస్తాయి. తొమ్మిదో గుడ్డ వస్తే "వచ్చే వారం ఇస్తాను" అని చెప్పండి.

వారం పట్టిక

సోమవారం: గుడ్డలు తీసుకోవాలి. పేరు, కొలతలు, ఇచ్చే రోజు పుస్తకంలో రాయాలి. దారం, హుక్కులు కొనాలి. లైనింగ్ గుడ్డ తడిపి ఆరవెయ్యాలి. లేకపోతే కుట్టాక ఉతికినప్పుడు బిగుతవుతుంది.

మంగళవారం: అన్నీ ఒకేసారి కత్తిరించాలి.

బుధ, గురు, శుక్రవారాలు: కుట్టాలి. ఒకే రంగు దారం పట్టేవి వెంటవెంటనే కుడితే టైము కలిసొస్తుంది. గంటకోసారి లేచి నాలుగు అడుగులు నడవాలి.

శనివారం: హుక్కులు, కాజాలు, చేతి కుట్టు. బట్టలిచ్చి డబ్బులు తీసుకోవాలి. ఆ వారం ఖర్చు, రాబడి రాయాలి. మిషన్ తుడిచి నూనె వెయ్యాలి.

ఆదివారం: సెలవు. మిషన్ మీద గుడ్డ కప్పెయ్యండి.

మీ ఊళ్ళో సంత ఏ రోజు? మీ పొదుపు సంఘం ఎప్పుడు కూర్చుంటుంది? ఆ రోజులు ముందు రాసుకుని, మిగతా పనులు వాటి చుట్టూ సర్దుకోండి.

"ఆదివారమే నాకు ఎక్కువ పని!"

ఈ మాట చాలామంది అంటారు. పిల్లల తలంట్లు, దుప్పట్లు ఉతకడం, కూర వండటం, అన్నీ ఆ రోజే. మిషన్ ఆగినా చేతులు ఆగవు. అందుకే ఇంటి పని కూడా పట్టికలో రాయాలి. నీళ్ళు ఎవరు తెస్తారు? దుప్పట్లు ఎవరు ఉతుకుతారు? భర్త పేరు, పెద్ద పిల్లల పేర్లు కూడా అందులో ఉండాలి. కూతురి పేరు రాసిన చోట కొడుకు పేరూ రాయండి. అందరూ తినే ఇల్లు, అందరూ చెయ్యాల్సిన పని.

"సెలవు పెడితే గిరాకీ పోతుంది" అని ఇంకొందరు భయపడతారు. ఆదివారం మూసినందుకు గిరాకీ పోదు. మాట తప్పితే పోతుంది.

శ్రావణ మాసం, దసరా, సంక్రాంతి వస్తే పని ఎక్కువే. అప్పుడు "ఫలానా తేదీ తర్వాత గుడ్డలు తీసుకోను" అని ముందే చెప్పండి. చేతి కుట్టు ఇంకొక చెల్లెలికి కూలికి ఇవ్వండి. పండుగ అయ్యాక పోయిన సెలవులు తీసుకోండి.

గేదెకు సెలవు ఉండదు. రెండు పూటలా పాలు తియ్యాల్సిందే. కానీ ఆదివారం సాయంత్రం పూట ఇంట్లో ఇంకొకరు తియ్యొచ్చు. ఆ ఒక్క పూట అయినా మీది కావాలి.

చేసి చూడండి

1. కాగితం మీద ఏడు గీతలు గీసి ఏడు వారాల పేర్లు రాయండి.

2. నిన్న పొద్దుట నుంచి రాత్రి దాకా మీరు చేసిన పనులన్నీ రాయండి. ఇంటి పనులు వదలకండి.

3. అందులో ఇంకొకరు చెయ్యగలిగినవి ఏవి? వాటి కింద గీత గీయండి.

4. మీ సెలవు పూట ఏది? పెద్ద అక్షరాలతో రాసి, ఇంట్లో అందరికీ కనపడేలా గోడకు అంటించండి.